హాలిఫాక్స్ బాప్టిస్టులు, తెలుగు తీరం

హాలిఫాక్స్ కెనడా తూర్పు అంచున అట్లాంటిక్ ఒడ్డున ఉన్న రేవు పట్నం, నోవా స్కోషియా రాష్ట్రానికి రాజధాని. బ్రిటిష్ వారు 1749లో కోట కట్టి స్థిరపడకముందు అది మిక్మా ప్రజల నేల. అక్కడి బాప్టిస్టు సంఘాలకు శ్రీకాకుళం, భీమిలి, బొబ్బిలి, విజయనగరం, టెక్కలి ప్రాంతాలతో నూటయాభై ఏళ్ల సంబంధం ఉంది. ఉత్తరాంధ్రలో ‘సీబీఎం’ అనే మూడక్షరాలు తెలియని పాత క్రైస్తవ కుటుంబం దాదాపు ఉండదు. ఆ కెనడియన్ బాప్టిస్ట్ మిషన్‌కు ఒక వేరు ఒంటారియోలో ఉంటే, రెండో వేరు ఈ నోవా స్కోషియా తీరంలో ఉంది.

కృప, విధేయత, పొరుగువాని పట్ల ప్రేమ అనే మూడు మాటలు క్రైస్తవ బోధలో ఎక్కడైనా వినబడేవే. హాలిఫాక్స్ చరిత్రలో అవి రెండు వందల ఏళ్లపాటు ఒకదానితో ఒకటి పేచీ పడుతూ వచ్చాయి, మూడోదే అన్నిటికన్నా కష్టపెట్టింది.

మూడు మాటల లెక్క

రక్షణ మనిషి సంపాదించుకునేది కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చేదని పౌలు పత్రికల సారం. 16వ శతాబ్దంలో లూథర్ సంస్కరణ ఉద్యమానికి ఇదే ఊపిరి. అయితే క్రియలు లేని విశ్వాసం చచ్చినదేనని యాకోబు పత్రిక మొట్టికాయ వేస్తుంది. కృప ఉచితమైతే మంచిగా బతకాల్సిన అవసరం ఏమిటి? బతికి తీరాలంటే అది ఉచితం ఎలా అవుతుంది? ఈ చిక్కుకు క్రైస్తవ సంప్రదాయం సాధారణంగా ఇచ్చే జవాబు వరుసలో ఉంది: కృప ముందు, విధేయత దానికి కృతజ్ఞత, ఆ విధేయత కంటికి కనబడే చోటు పొరుగువాడు. జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ 1937లో రాసిన పుస్తకంలో, శిష్యత్వం అడగని కృపను చవకబారు సరుకుతో పోల్చాడు. అంతకు కొన్నేళ్ల ముందు న్యూయార్క్ హార్లెమ్‌లోని ఒక నల్లజాతి బాప్టిస్టు సంఘంలో ఆయన ఆదివారం బడి చెప్పాడు. దానికి హాలిఫాక్స్ నల్లజాతి సంఘాలతో నేరుగా సంబంధం లేదు. ఆయన అక్కడ విన్న పాఠమూ, కింద చెప్పబోయే రిచర్డ్ ప్రెస్టన్ పాఠమూ మాత్రం ఒక్కలాంటివే.

బాప్టిస్టులకు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం రెండూ యేసు చేయమన్నందుకు చేసే పనులు. పసిపిల్లలకు నీళ్లు చల్లడం వారి పద్ధతి కాదు. బుద్ధి తెలిసి, సంఘం ముందు సాక్ష్యం చెప్పి, నీటిలో పూర్తిగా మునగాలి. నోవా స్కోషియాలో అది సముద్రపు పాయల్లో, కొన్నిసార్లు మంచు పగలగొట్టి జరిగింది. మన దగ్గర నాగావళి, వంశధార, ఊరి చెరువు సరిపోయాయి.

కృప పొంగినప్పుడు

నోవా స్కోషియా బాప్టిస్టులకు ఆదిపురుషుడు ఒక విధంగా బాప్టిస్టే కాని మనిషి. హెన్రీ అలైన్ 1748లో రోడ్ ఐలండ్‌లో పుట్టి, పన్నెండేళ్ల వయసులో కుటుంబంతో నోవా స్కోషియాలోని ఫాల్మత్‌కు వలస వచ్చాడు. 1775లో కలిగిన ఆత్మానుభవం తర్వాత చదువూ పదవీ లేకుండానే ఊరూరా తిరిగి ప్రసంగించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఎటు నిలవాలో తెలియక నలిగిపోతున్న రైతులకు, బెస్తలకు, హృదయంలో కృప తాకితే చాలన్న మాట కొండంత ధైర్యం. 1784లో, నిండా నలభై రాకముందే, క్షయతో పోయాడు. ఆయన రాసిన దాదాపు అయిదు వందల కీర్తనలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. మునగడమా, చల్లడమా అన్న వాదన ఆయనకు అసలు విషయమే కాదు.

ఆయన పోయాక కృప గట్టు దాటింది. 1790ల ఆరంభంలో కార్న్‌వాలిస్ ప్రాంతంలో ‘కొత్త యుగం’ పేరుతో ఒక గుంపు బయలుదేరింది. ఆత్మ నేరుగా నడిపిస్తున్నప్పుడు లేఖనం, సంఘ కట్టుబాట్లు, చివరికి పెళ్లి కట్టు కూడా అక్కర్లేదన్నారు. కొన్నాళ్లు వారితో కలిసి నడిచిన ఎడ్వర్డ్ మానింగ్ ఆ పర్యవసానం చూసి బెదిరిపోయాడు. మిగిలిన జీవితమంతా క్రమం, క్రమం అంటూనే గడిపాడు. 1800లో సంఘాలన్నీ కలిసి అసోసియేషన్ కట్టాయి. 1809కి, ముంచుడు బాప్తిస్మం లేనివారికి ప్రభువు బల్లలో చోటు లేదని తీర్మానించాయి. సభ్యుల తాగుడూ తగాదాలూ సంఘ కూడికలో విచారణకు వచ్చేవి. తప్పు చేసినవారిని కొన్నాళ్లు వెలిపెట్టి, పశ్చాత్తాపపడితే తిరిగి చేర్చుకునేవారు. ఈ అలవాటు తర్వాత మిషనరీల వెంట ఓడెక్కి తెలుగు పల్లెలకూ వచ్చింది.

గ్రాన్‌విల్ వీధి

రైతుల మతం అనిపించుకున్న బాప్టిజం పట్నపు పెద్దల ఇంట కాలుపెట్టడానికి కారణం ఒక ఆంగ్లికన్ తగాదా. హాలిఫాక్స్ సెయింట్ పాల్స్ చర్చిలో తాము కోరుకున్న గురువును కాదని పైవారు మరొకరిని నియమించడంతో కొందరు విడిపోయి, 1827లో గ్రాన్‌విల్ వీధి బాప్టిస్టు సంఘం పెట్టుకున్నారు. వారిలో న్యాయవాదులున్నారు. తర్వాత ప్రభుత్వాధినేత అయిన జేమ్స్ విలియం జాన్‌స్టన్ కూడా ఉన్నాడు. మరుసటి ఏడే వుల్ఫ్‌విల్‌లో హోర్టన్ అకాడమీ వెలిసింది. అలా విడిపోయినవారిలో ఒకడైన ఎడ్మండ్ క్రాలీకి హాలిఫాక్స్ డల్హౌసీ కాలేజీలో ఆచార్య పదవి దక్కలేదు. అందుకు మతశాఖే కారణమని బాప్టిస్టులు నొచ్చుకుని 1838లో తమ సొంత కాలేజీ మొదలుపెట్టారు. అదే అకేడియా. తెలుగు నేలకు వచ్చిన మారిటైమ్స్ (నోవా స్కోషియా, దాని పొరుగు తీర రాష్ట్రాలు) మిషనరీలలో చాలామంది ఆ బడిలో చదివినవారే.

కాన్సో నుంచి చికాకోల్ దాకా

హానా మరియా నోరిస్ 1842లో నోవా స్కోషియా తూర్పు కొసన ఉన్న కాన్సో అనే బెస్తల ఊళ్లో పుట్టింది. ఉపాధ్యాయురాలు. 1870లో తనను బర్మాకు మిషనరీగా పంపమని బాప్టిస్టు బోర్డును అడిగింది. డబ్బు లేదన్నారు. పెళ్లికాని ఆడపిల్లను ఒంటరిగా సముద్రాలు దాటించే అలవాటూ వారికి లేదు. అమెరికన్ల సాయం కోసం బోస్టన్‌కు బయల్దేరబోతుంటే, బోర్డు కాదంటే సంఘాల్లోని ఆడవాళ్లనే అడగమని మిత్రులు ఆపారు. ఆ వేసవిలో ఆమె గుర్రపు బండ్లలో ఊరూరా తిరిగి ముప్పైకి పైగా మహిళా మిషనరీ సహాయ సమాజాలు పెట్టింది. మొదటిది కాన్సోలోనే. ఆ శరత్కాలానికే ఆమె ఓడెక్కింది.

ఆమె లేచి బోర్డు మీద తిరగబడలేదు, అలాగని ఊరుకోనూ లేదు. వెళ్లమని దేవుడు పిలిచాడు, వద్దని పెద్దలు అన్నారు. రెంటికీ విధేయంగా ఉండే మూడో దారి ఆమెకు వంటింటి చిల్లరలో దొరికింది. కెనడాలో స్త్రీలు తామే నడిపిన మిషనరీ సమాజాల వరుసలో ఇవి మొట్టమొదటివి. అప్పటికి ఆ స్త్రీలకు ఓటు హక్కు లేదు.

1873లో మారిటైమ్స్ బాప్టిస్టులు మరికొందరిని సయాంకు (నేటి థాయ్‌లాండ్) పంపారు. వారిలో రూఫస్ శాన్‌ఫర్డ్, జార్జ్ చర్చిల్, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్, విలియం బాగ్స్ ఉన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను నోరిస్ మరుసటి ఏడు పెళ్లాడింది. సయాంలో కరెన్ జాతి ప్రజలు లెక్కకు మించి ఉంటారనుకుని వెతికితే, అక్కడక్కడ కొద్దిమందే కనిపించారు. ఇంతలో కాకినాడ నుంచి పిలుపు వచ్చింది.

ఆ పిలుపు వెనుక ఒక తెలుగువాడున్నాడు. థామస్ గాబ్రియేల్ మచిలీపట్నం వాడు, మాల కుటుంబంలో పుట్టినవాడు, టెలిగ్రాఫ్ శాఖలో కొలువు చేసినవాడు. ఆ ఉద్యోగం వదిలి కాకినాడ చుట్టుపక్కల సొంతంగా సువార్త పని మొదలుపెట్టి, అప్పుల్లో కూరుకుపోయి, ఈ పొలాన్ని మీరు అందుకోండని కెనడా బాప్టిస్టులను కోరాడు. దాంతో కెనడా మిషనరీ జాన్ మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడకు వచ్చాడు. కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ పుట్టినరోజు అదే. గాబ్రియేల్ 1875 జనవరి 1న కన్నుమూశాడు. మిషన్ చరిత్ర పుస్తకాలు దొరల పేర్లతో మొదలవుతాయి కానీ, పిలిచినవాడు లేకుండా వచ్చినవాడు లేడు.

1875లో సయాం నుంచి వచ్చిన మారిటైమ్స్ బృందం ఉత్తరాన్ని పంచుకుంది: భీమునిపట్నం శాన్‌ఫర్డ్‌కు, అప్పట్లో చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులకు, బొబ్బిలి చర్చిల్ దంపతులకు. తర్వాత విజయనగరం, పర్లాకిమిడి, టెక్కలి, పాలకొండ కలిశాయి. చర్చిల్ భార్య మటిల్డా ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా వచ్చాయి. దొరసానమ్మ కళ్లతో చూసిన బొబ్బిలి అందులో ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తర్వాత బర్మాకు మళ్లి, రంగూన్‌లో కూలికి వెళ్లిన తెలుగు, తమిళ జనం మధ్య పనిచేశారు. అలా కాన్సో పిల్ల తెలుగు వలసకూలీల చరిత్రలోకీ వచ్చింది.

వీరు వచ్చేటప్పటికి ఇక్కడ నేల ఖాళీగా లేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి అప్పటికే రాగతాళాలతో కీర్తనలు కట్టి పాడుతున్నాడు. వాటిలో అనేకం నేటికీ ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో ఉన్నాయి. అలైన్ అట్లాంటిక్ ఒడ్డున చేసిన పనే చౌదరి మహేంద్రగిరి నీడన చేశాడు: కృపను వాదనగా చెప్పకుండా పాటగా పాడాడు. తెలుగు విశ్వాసికి కృప అంటే ఏమిటో నేర్పిన బడి, నా లెక్కన, సెమినరీ కన్నా ఈ కీర్తనల పుస్తకమే.

విధేయత ఇక్కడ ఎలా ఉండేదో దక్షిణాన అమెరికన్ బాప్టిస్టుల ఒంగోలు చెబుతుంది. అక్కడ జాన్ క్లౌ పెట్టిన నియమాలు చాలా పొట్టివి: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవే. పశువు చచ్చిందని కబురు రాగానే వెళ్లి ఈడ్చుకుపోవాల్సిన మాదిగకు, డప్పు కొట్టాల్సిన మాదిగకు, అవి ఊరి కట్టుబాటునే కాదనడం. 1876–78 ధాత కరువులో గంజి కోసం చేరుతున్నారన్న మాట పడకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సడలాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఉత్తరాన కెనడియన్ల పొలంలో అంత ప్రవాహం ఎన్నడూ రాలేదు. శ్రీకాకుళం, బొబ్బిలి సంఘాలు ఇల్లిల్లు చొప్పున, బైబిల్ స్త్రీల కాళ్ల అరుగుదల మీద పెరిగాయి.

పొరుగువాని ప్రేమకు మిషన్ ఎంచుకున్న భాష బడి, ఆసుపత్రి. శ్రీకాకుళంలో ఆడవాళ్లకు ఆసుపత్రి, దక్షిణాన పిఠాపురం, ఆకివీడు, వుయ్యూరు ఆసుపత్రులు, రామచంద్రపురంలో కుష్ఠు రోగుల ఆశ్రమం, కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు, విశాఖలో టింపనీ స్కూలు ఆ వరుసలోవే. మారిటైమ్స్ మిషనరీ కుటుంబంలో పుట్టిన డాక్టర్ బెన్ గల్లిసన్ సోంపేటలో నడిపిన ఆరోగ్యవరం ఆసుపత్రి శుక్లాల ఆపరేషన్లకు పేరుపడింది. ఆయన 1963లో కెనడాలో మాట్లాడగా విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ పెట్టినదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి అది పాత భాగస్వామి.

ఒక మాట దాచకూడదు. ఈ పొరుగువారిని తెలుగువారు పిలిచింది ‘దొరగారు’, ‘దొరసానమ్మ’ అని. మిషన్ బంగళా ఎత్తున, తోటలో ఉండేది, సంఘం పల్లెలో. ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నా పంకా లాగేది మాత్రం ఒకవైపువాళ్లే.

కార్న్‌వాలిస్ వీధి

శ్రీకాకుళం ఆడవాళ్ల కోసం హాలిఫాక్స్ ఆడవాళ్లు చందాలు పోగుచేస్తున్న కాలంలోనే, అదే ఊళ్లో, అదే బాప్తిస్మం పొందిన మరో సంఘం వేరుగా కూడుకుంటోంది.

నోవా స్కోషియాలో నల్లజాతి బాప్టిస్టుల చరిత్ర డేవిడ్ జార్జ్‌తో మొదలవుతుంది. బానిసత్వం నుంచి తప్పించుకుని, బ్రిటిష్ వారివైపు నిలిచి వచ్చినవాడు. షెల్‌బర్న్‌లో సంఘం పెట్టి, దాడులు చూసి, 1792 జనవరిలో హాలిఫాక్స్ రేవు నుంచి పదిహేను ఓడల్లో సియెర్రా లియోన్‌కు కదిలిన సుమారు పన్నెండు వందల మందితో వెళ్లిపోయాడు. మిగిలినవారికి, ఆ తర్వాత 1812 యుద్ధ కాలంలో వచ్చినవారికి నాయకుడైనవాడు రిచర్డ్ ప్రెస్టన్. వర్జీనియాలో బానిసగా ఉండి, తల్లిని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి, ప్రెస్టన్ అనే పల్లెలో ఆమెను కనుక్కుని, ఆ ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. 1832లో లండన్‌లో అభిషేకం పొంది తిరిగివచ్చి హాలిఫాక్స్‌లో కార్న్‌వాలిస్ వీధి సంఘం నెలకొల్పాడు. 1854లో పన్నెండు సంఘాలతో ఆఫ్రికన్ బాప్టిస్టు అసోసియేషన్ కట్టాడు. విడిగా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు తెల్లవారి చర్చిల మేడ బెంచీల్లో ఉంది. మాలపల్లె గుడి, ఊరి గుడి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ సంఘం కాపరులకు విధేయత అంటే వీధిలోకి రావడం. అకేడియాలో చదివిన విలియం ఆండ్రూ వైట్ మొదటి ప్రపంచ యుద్ధంలో నల్లజాతివారి రెండవ నిర్మాణ దళానికి గురువుగా వెళ్లి, తిరిగివచ్చి ఈ సంఘాన్ని కాచాడు. గాయని పోర్షియా వైట్ ఆయన కూతురే. తర్వాత వచ్చిన విలియం పెర్లీ ఆలివర్, ఆయన భార్య పెర్లీన్ ఆలివర్ నల్లజాతి అమ్మాయిలకు నర్సు శిక్షణలో చోటు దొరకాలని పోరాడారు. నోవా స్కోషియా నల్లజాతి హక్కుల సంఘం 1945లో మొదలైంది వారి చొరవతోనే. మరుసటి ఏడు నవంబరు 8న హాలిఫాక్స్ సౌందర్య నిపుణురాలు వయోలా డెస్మండ్ న్యూ గ్లాస్గో సినిమా హాల్లో తెల్లవారికి కేటాయించిన కింది అంతస్తులో కూర్చుంది. పోలీసులు ఈడ్చుకెళ్లారు, టికెట్ తేడాలో పన్ను ఒక సెంటు ఎగ్గొట్టిందని కోర్టు జరిమానా వేసింది. ఆమె సలహా కోసం వెళ్లింది ఆలివర్ల దగ్గరికే. కేసు ఓడిపోయింది. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2018 నుంచి కెనడా పది డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది.

ఆఫ్రిక్‌విల్ సంగతి ఇంతకన్నా చేదు. బెడ్‌ఫర్డ్ బేసిన్ ఒడ్డున, నగరం ఉత్తర కొసన ఉన్న ఆ నల్లజాతి పేటకు నీళ్లు, మురుగు కాలువలు, పక్కా రోడ్డు ఇవ్వని నగరం దాని ముంగిట జైలు, అంటురోగాల ఆసుపత్రి, చివరికి చెత్తకుప్ప పెట్టింది. 1849లో మొదలైన సీవ్యూ చర్చే వారి ఊరుమ్మడి. ఈస్టర్ తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ వెళ్లి బేసిన్ నీళ్లలో బాప్తిస్మాలు ఇచ్చేవారు. 1960లలో మురికివాడ తొలగింపు పేరిట సుమారు నాలుగు వందల మందిని అక్కడి నుంచి కదిలించారు. కొందరి సామాను చెత్త లారీల్లో వెళ్లింది. 1967 నవంబరు 20 రాత్రి చర్చిని బుల్‌డోజర్ కూల్చింది. అడ్డుపడ్డ పలుకుబడి గల గొంతులు నగరంలో లెక్కపెట్టేటన్ని కూడా లేవు. వేల మైళ్ల అవతలి పొరుగువానిని ప్రేమించడం తేలిక, అతడు మన మున్సిపాలిటీకి పన్ను కట్టడు. ఇది నా వ్యాఖ్య. హాలిఫాక్స్ వారు తామే 2010లో ఇంకా గట్టిగా చెప్పుకున్నారు: మేయర్ బహిరంగంగా క్షమాపణ కోరాడు. చర్చి నమూనా మరుసటి ఏడు అదే చోట లేచింది, ఇప్పుడది మ్యూజియం.

1917 డిసెంబరు 6

యుద్ధకాలంలో మందుగుండు నింపుకున్న మాంట్ బ్లాంక్ ఓడ, హాలిఫాక్స్ రేవులో ఇమో ఓడతో గుద్దుకుని ఉదయం తొమ్మిది దాటగానే పేలింది. దాదాపు రెండు వేల మంది చనిపోయారు, తొమ్మిది వేల మంది గాయపడ్డారు. కాలుతున్న ఓడను కిటికీల్లోంచి చూస్తున్నవారి కళ్లలో అద్దం పెంకులు దిగాయి. రిచ్‌మండ్ పేటలో నేలమట్టమైన ప్రెస్బిటేరియన్, మెథడిస్టు సంఘాలు రెండూ సిద్ధాంతాలు పక్కనపెట్టి తారు కాగితం కప్పిన ఒకే షెడ్డులో ఆరాధించాయి. 1921 నాటికి కలిసి యునైటెడ్ మెమోరియల్ చర్చి కట్టుకున్నాయి. కెనడాలో ఆ రెండు శాఖలు దేశమంతటా కలిసింది 1925లో. ఇక్కడి బూడిద ముందే కలిపింది. తల్లిదండ్రులను, తోబుట్టువులందరినీ పోగొట్టుకున్న బార్బరా ఆర్ ఆ చర్చికి గంటలు ఇచ్చింది. అవి నేడు ఫోర్ట్ నీధమ్ స్మారక స్తంభంలో ఉన్నాయి. సాయంలోనూ తేడాలున్నాయి: ఆఫ్రిక్‌విల్‌కు దక్కింది బహు కొద్ది.

ఇతర శాఖలు

నోరిస్ పుట్టిన కాన్సోకే 1920ల ఆరంభంలో ఫాదర్ జిమ్మీ టాంప్కిన్స్ అనే కేథలిక్ గురువు విచారణ కర్తగా వచ్చాడు. బెస్తల పేదరికం చూసి 1927లో వారిచేత గొంతెత్తించాడు. సహకార సంఘాలు, వయోజన విద్యతో సాగిన ఆంటిగోనిష్ ఉద్యమానికి అది ఒక మలుపు. ఒకే రేవు ఊరు రెండు శాఖలకు రెండు పాఠాలు చెప్పడం ముచ్చటైన సంగతి.

హాలిఫాక్స్‌లో 1849లో స్థిరపడిన సిస్టర్స్ ఆఫ్ చారిటీ కన్యాస్త్రీలు బడులు, ఆసుపత్రులు నడిపారు, మౌంట్ సెయింట్ విన్సెంట్ విద్యాలయం వారు పెట్టినదే. 1930 నుంచి 1967 దాకా షుబెనకాడీ ఆశ్రమ పాఠశాలలో పనిచేసిందీ వారే. మిక్మా పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి, వారి భాష నోట రానివ్వకుండా పెంచిన బడి అది. విధేయత అన్న మాట అక్కడ చిన్నపిల్లల మీద బెత్తమైంది. ఆ బడిలో పెరిగిన నోరా బెర్నార్డ్ బాధితుల తరఫున వేసిన సామూహిక దావా, దేశమంతటి ఆశ్రమ పాఠశాలల బాధితులకు 2006లో కుదిరిన పరిహార ఒప్పందానికి దారి తీసింది.

నేటి స్థితి

మారిటైమ్స్, ఒంటారియో బోర్డులు 1912 నాటికి ఒకటయ్యాయి. 1947లో తెలుగు సంఘాలు ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల కన్వెన్షన్‌గా ఏర్పడ్డాయి. పెత్తనం నెమ్మదిగా తెలుగువారి చేతికి వచ్చింది, దాని వెంటే ఆస్తుల తగాదాలూ వచ్చాయి. విశాఖలో ఆటో ఎక్కి సీబీఎం కాంపౌండ్ అంటే, ఆ అక్షరాల వెనుక కెనడా ఉందని తెలియని డ్రైవరు కూడా సరిగ్గా దింపుతాడు. హాలిఫాక్స్ బ్రన్స్‌విక్ వీధి మిషన్‌లో ఇళ్లు లేనివారికి ఉదయం ఫలహారం పెడుతున్నారు. డల్హౌసీ, సెయింట్ మేరీస్ విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లలు ఆ వీధులగుండానే నడుస్తారు.

కార్న్‌వాలిస్ అనేది ఊరు కట్టిన గవర్నరు పేరు, మిక్మా ప్రజల తలలకు వెల కట్టినవాడి పేరు. ప్రెస్టన్ నెలకొల్పిన సంఘం 2018లో ఆ పేరు వదులుకుని న్యూ హొరైజన్స్ బాప్టిస్టు చర్చి అయింది. 2023లో నగరం ఆ వీధికీ పేరు మార్చింది. ఇప్పుడా చర్చి ఉన్నది నోరా బెర్నార్డ్ వీధిలో.